డిస్కులు లేని ల్యాబ్‌లో ఎల్‌టీఎస్‌పీ: రెండు విద్యా సంవత్సరాల వాడకం తరువాత

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపున్న ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ నా బాధ్యత. ల్యాబ్‌లో 30 సిస్టంలు ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నాలలో గాలిదుమారం లేచినప్పుడు కరెంటు పోవడం, వచ్చిన నిమిషానికే మళ్ళీ పోవడం మాకు కొత్త సంగతి కాదు. అలాంటి వేసవులు రెండు మూడు గడిచేసరికి 24 సిస్టంలలోని పాత హార్డ్‌డిస్కులు ఒకదాని వెనుక ఒకటి చేతులెత్తేశాయి. మదర్‌బోర్డులు, ర్యాములు, మానిటర్లు మాత్రం బాగానే ఉన్నాయి. కొత్త డిస్కులకు కొటేషన్ తెచ్చి యాజమాన్యం ముందు పెడితే "ఈ సంవత్సరానికి ఎట్లనో సర్దుకోండి సార్" అన్నారు. ఆ సర్దుబాటు పేరే ఎల్‌టీఎస్‌పీ, అంటే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. డిస్కు లేని కంప్యూటర్లను నెట్‌వర్క్ మీదుగా ఒకే సర్వర్ నుంచి బూట్ చేసే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రెండు విద్యా సంవత్సరాల పాటు ప్రతిరోజూ వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని. బూట్ అయ్యే సమయంలో ఏ సిస్టం ఏం చేయాలో రాసి పెట్టుకునే స్టార్టప్ స్క్రిప్టుల దగ్గరే దీని అసలు మంచీ చెడూ బయటపడతాయి కాబట్టి, సమీక్షలో ఎక్కువ భాగం వాటికే కేటాయించాను.

ఎల్‌టీఎస్‌పీని 1999లో జిమ్ మెక్‌క్విలన్ మొదలుపెట్టారు. అప్పటి పద్ధతిలో ప్రోగ్రాములన్నీ సర్వర్ మీదే నడిచేవి, విద్యార్థి ముందున్న పెట్టె కేవలం తెరగా పనిచేసేది. 2019లో గ్రీస్‌కు చెందిన ఆల్కిస్ జార్గోపౌలోస్ దీన్ని మొదటి నుంచి తిరిగి రాశారు; ఇప్పటి రూపంలో ప్రోగ్రాములు క్లయింట్ (అంటే విద్యార్థి ముందున్న కంప్యూటర్) సొంత ప్రాసెసర్, సొంత ర్యాము మీదే నడుస్తాయి, సర్వర్ నుంచి వచ్చేవి ఆపరేటింగ్ సిస్టం, విద్యార్థుల ఫైళ్ళు మాత్రమే. ఈ తేడా తెలియక నేను మొదటి వారం రోజులు వృథా చేసుకున్నాను. మీరు చదువుతున్న పాఠంలో ఎల్‌టీఎస్.కాన్ఫ్ అనే ఫైలు పేరు గానీ, ఎల్‌టీఎస్‌పీ-బిల్డ్-క్లయింట్ అనే కమాండ్ గానీ కనిపిస్తే అది పాత తరం పాఠమని గుర్తించి అక్కడితో ఆపేయండి. కొత్త తరంలో ఫైలు పేరు ఎల్‌టీఎస్‌పీ.కాన్ఫ్, అది ఉండే చోటు ఈటీసీ డైరెక్టరీలోని ఎల్‌టీఎస్‌పీ ఫోల్డర్.

స్క్రిప్టుల దాకా వెళ్ళే ముందు సిస్టం నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలి కదా. నెట్‌వర్క్ కార్డులోని పీఎక్స్‌ఈ అనే చిన్న ప్రోగ్రాం ఐపీ చిరునామా అడుగుతుంది, టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతి ద్వారా ఐపీఎక్స్‌ఈ అనే మరో బూట్ ప్రోగ్రాంను తెచ్చుకుంటుంది, అది లినక్స్ గుండె అయిన కెర్నెల్‌నూ, తొలి దశలో కావలసిన ఫైళ్ళ కట్ట అయిన ఇనిట్‌ఆర్‌డీనీ తెస్తుంది. ఈ గొలుసులో ఎల్‌టీఎస్‌పీ తప్పేమీ లేకుండానే మాకు రెండు అడ్డంకులు వచ్చాయి. మొదటిది మదర్‌బోర్డు మీది గుండీ బ్యాటరీ. పాత సిస్టంలలో 3 వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీలు అయిపోయి ఉండడం వల్ల, కరెంటు పోయిన ప్రతిసారీ మదర్‌బోర్డులోని తొలి ప్రోగ్రాం అయిన బయాస్ తన సెట్టింగులు మరచిపోయి, నెట్‌వర్క్ బూట్‌ను వదిలేసి, లేని డిస్కు కోసం వెతికేది. ప్రకాశం బజారులో గంపగుత్తగా బ్యాటరీలు కొని మార్చేదాకా రోజూ ఉదయం ఇదే తంతు. రెండవది సికింద్రాబాదులో కొన్న ఒక పాత మేనేజ్డ్ స్విచ్. అందులో కేబుళ్ళు చుట్టు తిరిగి కలిసి నెట్‌వర్క్ స్తంభించకుండా చూసే స్పానింగ్ ట్రీ ఆన్ చేసి ఉంది. ఆ పద్ధతిలో కేబుల్‌కు ప్రాణం వచ్చిన తరువాత పోర్టు 15 సెకన్లు వింటూ, మరో 15 సెకన్లు నేర్చుకుంటూ గడిపి అప్పుడు గానీ డేటాను వదలదు. ఆలోగా పీఎక్స్‌ఈకి ఓపిక నశించి "చిరునామా దొరకలేదు" అని చేతులు దులుపుకుంటుంది. సిస్టంలు తగిలించిన పోర్టులకు ఆ నిరీక్షణను దాటవేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టగానే ఆ బాధ తీరింది. ఈ 30 సెకన్ల సంగతి తెలియక సర్వర్‌ను రెండుసార్లు తుడిచి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసిన మనిషిని నేను.

సర్వర్ వైపు పని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉబుంటు లినక్స్ మీద ప్యాకేజీలు ఎక్కించి, సర్వర్‌లో విద్యార్థులకు కావలసిన ప్రోగ్రాములన్నీ మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, "ఎల్‌టీఎస్‌పీ ఇమేజ్" అన్న కమాండ్ నడిపితే సర్వర్ తన సొంత రూపాన్నే స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌గా, అంటే చదవడానికి మాత్రమే వీలయ్యే ఒకే ఫైలుగా, కుదించి పెడుతుంది. 24 సిస్టంలూ చదివేది ఆ ఒక్క ఇమేజ్‌నే. కొత్త ఇమేజ్ చేసినప్పుడు పాతది ఒకటి పక్కన భద్రంగా ఉంటుంది. పరీక్షల ముందు రోజు ఏదో అప్‌డేట్ చెయ్యబోయి చెడగొట్టుకున్నప్పుడు ఆ పాత ఇమేజే నా పరువు కాపాడింది. నాకు బాగా నచ్చిన మరో విషయం, కళాశాల ఇంటర్నెట్ రౌటర్ జోలికి వెళ్ళవలసిన అవసరమే రాలేదు. చిరునామాలు ఇచ్చే పని రౌటర్‌కే వదిలి, బూట్ వివరాలు మాత్రం సర్వర్ పక్క నుంచి అందించే ప్రాక్సీ డీహెచ్‌సీపీ పద్ధతి ఇందులో ముందే సిద్ధంగా ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎల్‌టీఎస్‌పీ.కాన్ఫ్ చూడడానికి చదరపు బ్రాకెట్లతో విభాగాలు చేసిన సాదా ఫైలు. సర్వర్‌కు ఒక విభాగం, అందరికీ వర్తించే ఉమ్మడి విభాగం ఒకటి, క్లయింట్లకు ఒకటి, ఆపైన ఒక్కొక్క సిస్టం మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) పేరుతో దాని సొంత విభాగం రాసుకోవచ్చు. మనకు నచ్చిన పేరుతో కూడా విభాగం చేసి, దాన్ని కావలసిన సిస్టంల విభాగాలలో ఇన్‌క్లూడ్ అనే ఒక్క మాటతో కలుపుకోవచ్చు. మా ల్యాబ్‌లో కిటికీ వైపు వరుసకు పాత మానిటర్లు ఉన్నాయి. వాటికి 1024, 768 రిజల్యూషన్ దాటితే తెర నల్లబడుతుంది. "పాతతెర" అనే విభాగం ఒకటి రాసి ఆ వరుసలోని 6 సిస్టంలకు తగిలించాను. ఇదే పని డిస్కులున్న రోజుల్లో అయితే ఒక్కొక్క సిస్టం ముందు కూర్చుని చేయవలసి వచ్చేది. అక్కడ పెట్టే ప్రతి మాటా చివరికి లినక్స్ కమాండ్ల భాష అయిన షెల్‌గా మారుతుంది కాబట్టి షెల్ వచ్చినవారికి ఇది చేతికి కత్తి దొరికినట్టు ఉంటుంది. ఆ కత్తికి పదును రెండు వైపులా ఉంది: ఒక కొటేషన్ గుర్తు మరచిపోతే ఆ తప్పు ఒక సిస్టంది కాదు, ఆ ఫైలును చదివే 24 సిస్టంలదీ అవుతుంది. మార్చే ముందు పాత ఫైలుకు తేదీ పేరుతో ఒక నకలు తీసి పెట్టడం, పిల్లలు రాకముందే ఒక సిస్టంను బూట్ చేసి చూడడం నాకు ఇప్పుడు అలవాటైపోయింది.

మనం సొంతంగా రాసుకునే స్క్రిప్టు వాక్యాలకు ప్రీ_ఇనిట్, పోస్ట్_ఇనిట్ అనే పేర్లతో స్థానం ఉంది. చూడగానే "సిస్టం ఆన్ అయ్యాక నడిచే స్క్రిప్టు" అని అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని, ల్యాబ్ ప్రింటర్‌ను ప్రతి క్లయింట్‌లో చేర్చే కమాండ్‌ను పోస్ట్_ఇనిట్‌లో పెట్టాను. స్క్రిప్టులో తప్పు లేదు. టెర్మినల్‌లో చేత్తో కొడితే అదే కమాండ్ చక్కగా పనిచేస్తుంది. బూట్ చేస్తే మాత్రం ప్రింటర్ కనిపించదు. మూడు సాయంత్రాలు తల పట్టుకున్నాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు. ఎల్‌టీఎస్‌పీ ఇనిట్ నడిచేది సిస్టమ్‌డీ (తెర వెనుక నడిచే ప్రోగ్రాములను, అంటే సర్వీసులను, లేపేది) కంటే ముందు. ఆ క్షణంలో ఫైళ్ళు ఉంటాయి, వాటిని మార్చడానికి రూట్ అధికారం ఉంటుంది, కానీ సర్వీసు అన్నది ఒక్కటీ ఇంకా లేవదు. ప్రింటింగ్ చూసుకునే కప్స్ అప్పటికి నిద్రలోనే ఉంది. నా కమాండ్ వెళ్ళి తలుపు కొట్టింది, లోపల ఎవరూ లేరు. వచ్చిన ఎర్రర్ తెర మీద ఒక క్షణం మెరిసి పోయింది, ఎవరూ చూడలేదు. చివరికి ప్రింటర్‌ను సర్వర్‌కే తగిలించి, క్లయింట్లు సర్వర్ క్యూనే చూసేటట్టు చేస్తే స్క్రిప్టు అవసరమే లేకుండా పోయింది.

ఆ అనుభవం తరువాత నేను ప్రతి పనినీ ఏ ఘడియలో జరగవలసినదో చూసి మూడు చోట్లకు పంచుకున్నాను. ఫైలు మార్చితే సరిపోయే పని అయితే, అంటే హోస్ట్ పేరు, కీబోర్డు అమరిక, తెర అమరిక వంటివి అయితే, వాటి చోటు ఎల్‌టీఎస్‌పీ.కాన్ఫ్. ఏదైనా సర్వీసు లేచి ఉండాలి, లేదా నెట్‌వర్క్ పూర్తిగా సిద్ధమై ఉండాలి అనుకునే పని అయితే, దాన్ని సిస్టమ్‌డీ యూనిట్‌గా రాసి ఇమేజ్‌లోనే పెట్టాలి. విద్యార్థి లాగిన్ అయిన తరువాత అతని సెషన్‌లో జరగవలసినది అయితే డెస్క్‌టాప్ ఆటోస్టార్ట్ ఫోల్డరే దాని చోటు. డాక్యుమెంటేషన్ మాన్యువల్ పేజీల రూపంలో పొందికగా ఉన్నప్పటికీ, లినక్స్ బూట్ క్రమం ముందే తెలిసినవారిని ఉద్దేశించి రాసినట్టు ఉంటుంది. ఈ మూడు ఘడియల తేడాను ఒక బొమ్మ గీసి మొదటి పేజీలోనే పెట్టి ఉంటే నాలాంటివారికి మూడు సాయంత్రాలు మిగిలేవి.

తెలుగు టైపింగ్ వ్యవహారం ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. మా డిగ్రీ విద్యార్థులలో కొందరు తెలుగు డీటీపీ నేర్చుకుంటారు, వారికి ఒక వరుస కేటాయించాం. ఆ వరుస సిస్టంలకు "తెలుగువరుస" అనే విభాగం రాసి, ఈటీసీలోని డిఫాల్ట్ కీబోర్డు ఫైలులో లేఅవుట్‌ను అమెరికన్ ఇంగ్లిషు, దాని పక్కన భారతీయం, అందులో తెలుగు అని పోస్ట్_ఇనిట్ ద్వారా మార్పించాను. ఇది ఫైలు మార్పు కాబట్టి తొలి ఘడియలోనే చక్కగా జరిగింది, లాగిన్ తెర దగ్గరి నుంచే తెలుగు అక్షరాలు పడ్డాయి. నాలుగో రోజున కనగల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడి, "సార్, నా సిస్టంల తెలుగు వస్తలేదు, పక్క సిస్టంల వస్తుంది" అంది. వెళ్ళి చూస్తే ఫైలు సరిగ్గానే ఉంది. పక్క సిస్టంలో ఆమెను లాగిన్ చేయిస్తే అక్కడా రాలేదు. ఆమె సిస్టంలో పక్క అబ్బాయి లాగిన్ అయితే వచ్చింది. అంటే తేడా పెట్టెలో కాదు, మనిషి ఖాతాలో ఉంది. ఆమె ఎప్పుడో డెస్క్‌టాప్ సెట్టింగులలో కీబోర్డు జాబితా మార్చుకుంది, ఆ ఎంపిక సర్వర్‌లోని ఆమె హోమ్ ఫోల్డర్‌లో నిలిచిపోయి, ఏ సిస్టం ముందు కూర్చున్నా సిస్టం చెప్పిన లేఅవుట్‌ను తోసిపుచ్చుతోంది. కీబోర్డు లేఅవుట్‌ను తిరిగి నిలబెట్టే చిన్న కమాండ్‌ను ఆటోస్టార్ట్‌లో పెట్టాక గానీ ఆ ఫిర్యాదు తీరలేదు. ఒకే పనికి రెండు ఘడియలలో రెండు వాక్యాలు రాయవలసి రావడం చికాకే, కానీ తప్పు ఎల్‌టీఎస్‌పీది అనలేను.

ఎల్‌టీఎస్‌పీదే అనదగిన చికాకు ఒకటి ఉంది. ఎల్‌టీఎస్‌పీ.కాన్ఫ్ ఫైలును మార్చి సేవ్ చేసినంత మాత్రాన క్లయింట్లకు ఏమీ తెలియదు. ఆ ఫైలూ, సర్వర్‌లోని యూజర్ల జాబితా, సర్వర్‌ను గుర్తుపట్టడానికి పనికొచ్చే ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీలు అన్నీ కలిపి ఎల్‌టీఎస్‌పీ.ఐఎంజీ అనే చిన్న మూటగా కట్టి టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో పెడతారు. బూట్ సమయంలో క్లయింట్ తెచ్చుకునేది ఆ మూటనే. మార్పు చేసిన ప్రతిసారీ "ఎల్‌టీఎస్‌పీ ఇనిట్‌ఆర్‌డీ" అన్న కమాండ్ నడిపి మూట కొత్తగా కట్టాలి. కొత్త విద్యార్థికి ఖాతా తెరిచినా అంతే. మొదటి సంవత్సరం అడ్మిషన్ల సమయంలో 60 మందికి ఖాతాలు సృష్టించి, మూట కట్టడం మరచిపోయి, వారిలో ఒక్కరూ లాగిన్ కాలేకపోతే పాస్‌వర్డులు తప్పు ఇచ్చామేమోనని జాబితా అంతా మళ్ళీ టైపు చేయించిన ఘనకార్యం నాదే. కమాండ్ పూర్తి కావడానికి కొన్ని సెకన్లు కూడా పట్టదు. ఫైలు మారినా మూట మారలేదని సర్వర్ ఒక హెచ్చరిక ఇచ్చి ఉంటే బాగుండేది. ఇప్పుడు సర్వర్ బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. మా అటెండరన్నకు లినక్స్ రాకపోయినా ఆ కాగితం మీది మాట వచ్చు; నేను సర్వర్ ముందు నుంచి లేవగానే "ఇనిట్‌ఆర్‌డీ కొట్టిన్రా సార్?" అని అడుగుతాడు.

సర్వర్ రూపమే క్లయింట్ల రూపం కావడం వల్ల సర్వర్‌కు మాత్రమే అవసరమైన సర్వీసులు 24 సిస్టంలలోనూ లేచి కూర్చునే ప్రమాదం ఉంది. ఎల్‌టీఎస్‌పీ అలాంటి కొన్నింటిని తానే అణచిపెడుతుంది, అది మంచి ముందుచూపు. కాకపోతే వెబ్ డిజైనింగ్ ప్రాక్టికల్స్‌కు మా పిల్లలకు అపాచీ వెబ్ సర్వర్, మరియాడీబీ డేటాబేస్ వారి వారి సిస్టంలలోనే కావాలి. వాటిని ఉంచమని కీప్_సిస్టమ్_సర్వీసెస్ అనే ఒక్క వాక్యంలో పేర్లు రాస్తే సరిపోయింది. క్లయింట్ మీద జరిగే రాతలన్నీ ర్యాములోని ఓవర్‌లే అనే తాత్కాలిక పొరలోకి పోతాయి కాబట్టి, ఎవరైనా డేటాబేస్‌ను అతలాకుతలం చేసినా రీబూట్ చేస్తే సిస్టం మళ్ళీ తొలినాటి స్థితికి వస్తుంది. ల్యాబ్ చూసుకునేవారికి ఇంతకంటే హాయి లేదు. అదే కారణం చేత ప్రాక్టికల్ మధ్యలో ఒక పిల్లవాడు తెలియక రీస్టార్ట్ నొక్కితే గంటసేపు కట్టిన టేబుళ్ళన్నీ గాలికి పోతాయి. హోమ్ ఫోల్డర్ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ దాచిన ఫైళ్ళకు భయం లేదు. ఎక్స్‌పోర్ట్ చేసి హోమ్‌లో పెట్టుకోమని ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెబుతున్నాను.

పాస్‌వర్డుల విషయంలో జాగ్రత్త అవసరం. పరీక్షల కోసం పాస్‌వర్డు అడగకుండా ఖాతా తెరుచుకునే ఆటోలాగిన్ సదుపాయం చాలా అనుకూలంగా ఉంటుంది. హోమ్ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్ళను గుప్తీకరించి నెట్‌వర్క్ మీద అందించే పద్ధతి) ద్వారా తెచ్చుకోవడానికి పాస్‌వర్డు కావాలి కాబట్టి దాన్ని ఎల్‌టీఎస్‌పీ.కాన్ఫ్ ఫైలులోనే బేస్64 అనే అక్షరాల మార్పిడి రూపంలో రాసి పెట్టవచ్చు. బేస్64 అనేది తాళం కాదు, గడియ కూడా కాదు, కర్టెన్ మాత్రమే. ఆ మూట టీఎఫ్‌టీపీ ద్వారా అడిగిన ప్రతి సిస్టంకూ అందుతుంది. ల్యాబ్ నెట్‌వర్క్‌లో లాప్‌టాప్ తగిలించిన తెలివైన పిల్లవాడు ఐదు నిమిషాల్లో దాన్ని విప్పి చదవగలడు. పరీక్ష ఖాతాలకు తప్ప మరి దేనికీ నేను ఆ పద్ధతి వాడను, పరీక్ష అయిన సాయంత్రమే ఆ పాస్‌వర్డులు మార్చేస్తాను. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ గుప్తీకరణ పాత ప్రాసెసర్లకు భారమే. దానికి బదులు హోమ్ ఫోల్డర్లకు ఎన్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైలు పంపిణీ పద్ధతి వాడితే వేగం వస్తుంది, భద్రత తగ్గుతుంది. మేము వేగం వదులుకున్నాం.

వేగం ఎంతన్నది సర్వర్ కంటే ఎక్కువగా స్విచ్ మీదే ఆధారపడి ఉంటుంది. సర్వర్ కేబుల్ 1000 మెగాబిట్లది అయితే సెకనుకు గరిష్ఠంగా 125 మెగాబైట్లు. 24 సిస్టంలు ఒకేసారి లేస్తే ఒక్కొక్క దానికి వచ్చేది 5 మెగాబైట్ల చిల్లర. అదే పాత 100 మెగాబిట్ల స్విచ్ అయితే అర మెగాబైటు, అంటే పిల్లలు టీ తాగి వచ్చేదాకా బూట్ నడుస్తూనే ఉంటుంది. సర్వర్ పోర్టుకు గిగాబిట్ లేకుండా ఈ పద్ధతికి దిగవద్దని గట్టిగా చెబుతాను. గిగాబిట్ ఉన్నా మేము వరుస తరువాత వరుసగా ఆన్ చేస్తాం. ర్యాము విషయంలో 2 జీబీ సిస్టంలు బూట్ అవుతాయి, టైపింగ్‌కు పనికొస్తాయి, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మాత్రం ఆయాసపడతాయి. రాతలు కూడా ర్యాములోకే పోతాయన్నది మరువకూడదు. 4 జీబీ ఉన్నవాటితో ఇబ్బంది లేదు.

సర్వర్ ఆగితే 24 సిస్టంలూ ఆగుతాయి, దీనికి మినహాయింపు లేదు. అందుకే ఉన్న కొద్ది డబ్బులో యూపీఎస్‌ను సర్వర్‌కూ స్విచ్‌కూ కలిపి పెట్టాం, స్విచ్‌ను మరచిపోతే సర్వర్ బతికి ఉండి ప్రయోజనం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇప్పుడు పోయేది ఐదు నిమిషాల పని మాత్రమే, డిస్కు కాదు. నెట్‌వర్క్ బూట్‌కు మారిన తరువాత ఈ 24 సిస్టంల మీద సాఫ్ట్‌వేర్ రిపేరు కోసం బయటి టెక్నీషియన్‌ను ఒక్కసారి కూడా పిలవలేదు. అంతకుముందు ప్రతి నెలా ఒకరు వచ్చి విండోస్ ఎక్కించి వెళ్ళేవారు.

అందరికీ ఇది సరిపోదు. షెల్ చదవడం వచ్చిన మనిషి ల్యాబ్‌లో ఒకరైనా ఉండాలి, ఆ మనిషి బదిలీ అయితే తరువాతి వారికి ఎల్‌టీఎస్‌పీ.కాన్ఫ్ ఫైలులోని ప్రతి విభాగం పక్కన ఎందుకు రాశామో తెలుగులోనైనా సరే వ్యాఖ్య రాసి ఉంచాలి. నేను అలాగే రాశాను. పైగా మా బీకాం పిల్లలకు ట్యాలీ తప్పనిసరి, ట్యాలీకి విండోస్ తప్పనిసరి. అందువల్ల గుమ్మం పక్క వరుసలోని 6 సిస్టంలు ఇంకా వాటి సొంత డిస్కుల మీదే నడుస్తున్నాయి, ఆ వరుస కోసం బీకాం బ్యాచులు వంతులు వేసుకుని కూర్చుంటున్నాయి.